మొదటి ఆశ్రయము

విశ్వాసము వృద్ధి పొందుటకు ఏమి చేయవలెనని అడుగువారికి మన సంఘములలో కొరత లేదు. వారిలో పెక్కుమంది ఆ వృద్ధిని ఏదో ఒక మహాసభలో, ఏదో ఒక అసాధారణ దినమున ఆశించుచుందురు. ఏటేట జరుగు ఉజ్జీవ కూటములలో కన్నీటితో మోకరించి, క్రొత్త తీర్మానములతో ఇల్లు చేరి, నాలుగు దినములు గడవకమునుపే పాత దిగులు పాత చోటనే వచ్చి కూర్చుండుట చూచి, తమ భక్తి కృత్రిమమేమో యని తమ్ము తామే నిందించుకొందురు. ఆ నింద అనవసరము. కూటములో కలిగిన కదలిక నిజమైనదే. అయితే తరువాతి సోమవారమున ఆ కదలికకు చేయుటకు పని దొరకలేదు. కుళాయి యొద్ద, కొట్టు మెట్లమీద, కార్యాలయపు బల్లముందు, జీతము చేతికి వచ్చిన సాయంకాలమున, బిడ్డకు జ్వరము తగిలిన రాత్రి మనము చేసెడి చిన్న చిన్న నిర్ణయములే విశ్వాసమునకు దినభోజనము. ఈ అధ్యాయము ఆ నిర్ణయములను గూర్చినది.

దానియేలు గ్రంథము ఆరవ అధ్యాయమును సింహముల గుహకొరకు చదువువారే ఎక్కువ. నాకు మాత్రము గుహకంటె ముందు కనబడు ఆ మేడగది ముఖ్యమని తోచును. నెల దినములపాటు రాజును తప్ప మరెవ్వరిని వేడుకొనరాదని శాసనము పుట్టగా, ఆ వృద్ధమంత్రి దాని సంగతి ఎరిగియే తన యింటికి పోయి, ఎప్పటివలెనే యెరూషలేము దిక్కుగల కిటికీల యొద్ద దినమునకు మూడు వేళల మోకాళ్లూనెను. ఆనాడు ఆయన క్రొత్తగా చేసినది ఏమియు లేదు. శాసనము పుట్టక మునుపు, ఎవరును చూడని, ఎవరును మెచ్చని సంవత్సరములలో అలవడిన పనినే శాసనము పుట్టిన పిమ్మటను మానలేదు. ప్రాణాపాయ సమయమున ధైర్యమెక్కడిదని ఆశ్చర్యపడువారు ఆ గత సంవత్సరములను లెక్కలోనికి తీసికొనరు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోవుట వంటిది ఆపదవేళ విశ్వాసమును వెదకుట.

మన నమ్మిక ఎంత లోతైనదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. అక్కర కలిగిన మరుక్షణమున మన మనస్సు మొదట ఎవరి యొద్దకు పరుగెత్తునో గమనించుకొనవలెను. కొందరి మనస్సు వడ్డీవ్యాపారి యొద్దకు, కొందరిది పలుకుబడిగల బంధువు నొద్దకు, కొందరిది తమ తెలివితేటల యొద్దకే పరుగెత్తును. అన్ని తలుపులును తట్టి, అన్నియు మూసికొనిన పిమ్మట దేవుడు జ్ఞాపకమునకు వచ్చును. అట్టి స్మరణము సైతము వ్యర్థము కాదు. తప్పిపోయిన కుమారుడు ఆకలి బాధవలననే కదా తండ్రి యింటిని తలచుకొనెను. అయినను, చివరి ఆశ్రయముగా నున్న దేవుని మొదటి ఆశ్రయముగా చేసికొనుటయే విశ్వాసము లోతుపడుట యని నా నిశ్చయము.

ఈ వరుసను ఒక జీవితకాలము పట్టుదలతో పాటించి, దాని లెక్కలను తేదీలతో సహా లోకము ముందుంచిన మహనీయుడు జార్జి ముల్లరు. 1805లో ప్రష్యాదేశమున జన్మించిన యితడు పుట్టుభక్తుడు కాడు. తండ్రి సొమ్ము దొంగిలినవాడు. సత్రములలో బసచేసి సొమ్ము చెల్లింపక పదునారేండ్ల ప్రాయముననే చెరసాల చూచినవాడు. 1825లో, హాలే నగరమున దైవశాస్త్ర విద్యార్థిగా నుండియు దైవభీతి లేక తిరుగుచున్న దినములలో, ఒక స్నేహితుని వెంట ఒక వర్తకుని యింటి ప్రార్థనకూటమునకు పోయి, అచ్చట ఒక మనుష్యుడు మోకాళ్లపై నుండి ప్రార్థించుటను తన జీవితమున మొదటిసారి చూచెను. ఆ సాయంకాలముతో అతని నడత మారెను. తరువాత ఇంగ్లండుకు వచ్చి, బ్రిస్టలు నగరమున స్థిరపడి, 1836లో విల్సను వీథిలోని అద్దెయింట ముప్పదిమంది బాలికలకు అనాథాశ్రమము తెరచెను. 1870 నాటికి ఆ నగరపు అంచున ఆష్లీ డౌను గుట్టమీద ఐదు మహాభవనములు, వాటిలో 2,000కు మించి పిల్లలకు చోటు ఏర్పడెను. ఆయన జీవితకాలమున 10,000కు పైగా అనాథలు ఆ గడప త్రొక్కిరి. ఇందుకొరకు ఆయన ఏ మనుష్యుని యొద్దను చేయి చాపలేదు, అప్పు చేయలేదు, 1830 నుండి తనకంటూ నిర్ణీత జీతమును పుచ్చుకొనలేదు. 1898లో ఆయన మరణించినపుడు ఇంటి సామానుతో కలిపి మిగిలిన ఆస్తి సుమారు 160 పౌండ్లు.

ఆ ఆశ్రమమును స్థాపించుటకు ఆయన చెప్పిన ప్రధాన కారణము మన అధ్యాయమునకు మిక్కిలి దగ్గరిది. అనాథలయందు ఆయనకు దయ లేకపోలేదు. అయినను మొదటి ఉద్దేశము వేరు. బ్రిస్టలులో ఆయన దర్శించు విశ్వాసులలో ఒకడు దినమునకు పదునాలుగు, పదునారు గంటలు చేతివృత్తి చేయుచు, దేహము చిక్కి, ఆత్మ ఎండి, పని కొంచెము తగ్గించుకొనుమన్నచో కుటుంబమెట్లు గడచునని ప్రశ్నించెడివాడట. మరికొందరు వృద్ధాప్యమున బిచ్చపుశాల పాలగుదుమని వణకెడివారు. వ్యాపారులు కొందరు నిజాయితీగా బేరము చేసినచో కొట్టు మూసికొనవలసినదే యని, మనస్సాక్షి పొడుచుచున్నను తప్పుడు పద్ధతులను విడువకుండిరి. వీరందరును గుడికి వచ్చువారే, స్తోత్రములు పాడువారే. దేవుడు నేడును తన మాట నిలుపుకొనునని వీరి కన్నులకు కనబడునట్టి నిదర్శనమొకటి నిలుపవలెనని ముల్లరు తలంచెను. ధనము లేనివాడు ఎవరిని యాచింపక, ప్రార్థనవలననే అనాథలను పోషించుట చూచినచో ఈ కుమిలిపోవు గృహస్థుల గుండె కుదుటపడునని ఆయన ఆశ. బ్రిస్టలులోని ఆ శ్రామికుని ప్రశ్న నేడు మన పట్టణములలో రెండు ఉద్యోగములు చేయుచు ఆదివారము సైతము అమ్ముకొనుచున్న గృహస్థుని ప్రశ్నయే.

ఆ ప్రారంభదినములలో జరిగిన చిన్న సంఘటన యొకటి నన్ను ఎప్పుడును విడువదు. ఇంటికొరకు, సొమ్ముకొరకు, పనివారికొరకు, సామగ్రికొరకు ముల్లరు పేరుపేరున ప్రార్థించి పొందెను. 1836 ఫిబ్రవరి 3వ తేదీని పిల్లలకై దరఖాస్తులు పుచ్చుకొను దినముగా నిర్ణయించెను. ఆ దినమున ఒక్కరును రాలేదు. అన్నిటికొరకు ప్రార్థించిన తాను పిల్లలు రావలెనని మాత్రము ప్రార్థింపలేదని ఆయనకు అప్పుడు స్ఫురించెను. అంత పెద్ద నగరమున అనాథలకేమి కొదువ, వారే వత్తురు గదా యనుకొనెను. ఆ రాత్రి ఆ సంగతినే దేవుని ముందు పెట్టెను. మరునాడే మొదటి దరఖాస్తు వచ్చెను. మనము దేవునికి అప్పగింపనివి సాధారణముగా భారమైన సంగతులు కావు. అవి ఎట్లును జరిగిపోవునని మనము ధీమాపడియున్న సంగతులు: చేతిలోనున్న ఉద్యోగము, ఒంటిలోనున్న సత్తువ, ఇంటిలోని సఖ్యత. ప్రతి ఉదయమున, నేడు నేను దేవుని అవసరము లేదనుకొనుచున్న పని యేదని తన్ను తానడిగికొని దానినే మొదట ప్రార్థనలో పెట్టువాడు నెల తిరుగకమునుపే తన మనస్సునందు ఒక మెత్తదనమును గుర్తించును.

ఉదయకాలమును గూర్చి ముల్లరు నేర్చుకొనిన పాఠము మరింత ప్రయోజనకరము. పదేండ్లకు పైగా ఆయన లేచి దుస్తులు ధరించిన వెంటనే ప్రార్థనకు ఉపక్రమించెడివాడు; పది నిమిషములు, పావుగంట, ఒక్కొక్కప్పుడు అరగంట వరకు మనస్సు నిలువక తిరుగుచుండెడిది. 1841లో ఆయన ఈ వరుసను మార్చెను. ముందు పరిశుద్ధ గ్రంథమును తెరచి, కొన్ని వచనములను నెమ్మదిగా ధ్యానించుచు, ఇందు నాకేమి ఆహారమున్నదని వెదకుచు, ఆ వాక్యమే తన్ను ఒప్పుకోలునకో కృతజ్ఞతకో విజ్ఞాపనకో నడుపగా దానివెంట ప్రార్థింప నారంభించెను. ఇతరులకు బోధించుటకు ప్రసంగాంశమును వెదకుట అప్పుడు ఆయన ఉద్దేశము కాదు. తన ఆత్మ ప్రభువునందు ఆనందింపవలెననుటయే ఆ దినపు మొదటి కర్తవ్యమని ఆయన నిర్ణయించుకొనెను. ఈ మార్పు వలన కలిగిన సహాయమును ఆయన జీవితాంతము చెప్పుకొనెను. ఇందలి తర్కము స్పష్టముగానే యున్నది. మనమే ముందు మాటలాడ మొదలుపెట్టినచో మన చింతలే మాటలాడును. దేవుని మాట ముందు విన్నచో ఆ చింతలకు ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును.

దీనిని మన ఇండ్లలో ఎట్లు ఆచరింపవలెను? కన్ను తెరచిన వెంటనే సెల్‌ఫోనును చేతిలోనికి తీసికొనువాడు ఊరివారి కబుర్లను, లోకపు భయములను దేవుని మాటకంటె ముందు లోనికి రానిచ్చుచున్నాడు. కావున రాత్రి పండుకొనునపుడే దానిని పడకగది వెలుపలనుంచి, తలగడ ప్రక్కను గ్రంథము నుంచుట ఈ సాధనలో మొదటి మెట్టు. అధ్యాయములకు అధ్యాయములు చదువ నక్కరలేదు. సువార్తలలో ఒకదానిని పట్టుకొని, దినమునకు ఒక సంఘటన మాత్రము చదివి, అందు ప్రభువు ఏమి చేసెను, ఎవరితో ఎట్లు మాటలాడెను అని గమనించి, ఆ సంఘటన నుండియే రెండు మూడు మాటల ప్రార్థన నేర్చుకొనినచో చాలును. గుడ్డివాడు కేకలు వేసిన కథ చదివిన ఉదయమున నా అక్కరను నేనును సిగ్గుపడక అడిగెదనని, శిష్యులు తుపానులో బెదరిన కథ చదివిన ఉదయమున నా ఇంటి తుపాను నీకు తెలియునని చెప్పుకొనవచ్చును. క్రొత్త సంవత్సరపు ఆరాధనరాత్రి వాగ్దానపు కార్డు తీసికొని, దానిని గోడకు తగిలించి, ఏడాది పొడుగున ఆ వాక్యమున్న అధ్యాయమునైనను తెరచి చూడనివారు మనలో కలరు. ఆ కార్డును నేను చులకన చేయను. అయితే ఒక తలుపు చూపించినపుడు లోనికి పోవలెను గదా.

తెల్లవారకమునుపే పొయ్యి ముట్టించి, పిల్లలను బడికి సిద్ధపరచి, తానును పనికి పరుగెత్తవలసిన ఇల్లాలికి ఏకాంతము దొరకుట దుర్లభము. ఆమెమీద ఇంకొక బరువు మోపుట నా యిష్టము కాదు. రాత్రి పండుకొనకముందు చదివిన ఒక్క వచనమును ఆమె ఉదయమున ఎసరు మరుగునంతలో మనస్సున త్రిప్పుకొనినచో అదియే ఆమె ఉదయధ్యానము. ఆ పావుగంట ఆమెకు దొరకునట్లు భర్త నీళ్లు పట్టి, పిల్లల తలలు దువ్వి సహాయపడినచో అదియును ఆరాధనలో భాగమే. ఇంటి పెద్ద కుటుంబప్రార్థనలో చదువు వాక్యము కంటె ఆ సహాయమే కొన్ని దినములలో ఎక్కువగా బోధించును.

ఇక ధనము సంగతి. నమ్మిక యెక్కువగా పరీక్షింపబడునది ఇచ్చటనే గనుక ఇచ్చట కొంత నిలువవలెను. 1838 మొదలు అయిదారేండ్లు ముల్లరు ఆశ్రమములలో తరచుగా మరునాటి భోజనమునకు సొమ్ము ఉండెడిది కాదు. ఉదయమున పాలవానికి చెల్లింప వలసిన నాణెములు ఉదయముననే చేరిన దినములు కలవు. 1841 డిసెంబరులో వార్షికసభ జరిపి నివేదిక చదువవలసిన సమయము వచ్చెను. ఖజానా శూన్యము. సభ జరిపినచో విన్నవారు జాలిపడి ఇత్తురని ఎవరికైనను తెలియును. అందుకొరకే ముల్లరు ఆ సభను వాయిదా వేసెను. మనుష్యుల జాలిమీద ఆనుకొనుచున్నామన్న అనుమానమునకు తావుండరాదని, తాము ఆనుకొనినది ఎవరిమీదనో తమకే స్పష్టముగా తెలియవలెనని ఆయన ఉద్దేశము. ఆ తరువాతి నెలలు గొప్ప ఇక్కట్టుతో గడచెను. పిల్లలకు మాత్రము పూట తప్పలేదు.

ఎవరితోను అక్కర చెప్పరాదనుట అందరికిని విధి కాదు. అపొస్తలుడైన పౌలు యెరూషలేము బీదలకొరకు సంఘములను బాహాటముగా చందా అడిగెను. రోగియైన పొరుగువాడు తన బాధ మనతో చెప్పుకొనకపోయినచో మనమెట్లు ఆదుకొనగలము? కావున ముల్లరు మౌనమును అనుకరింప నక్కరలేదు; ఆయన వరుసను అనుకరింపవలెను. ముందు దేవునితో చెప్పుట, పిమ్మట అవసరమైనచో మనుష్యులతో చెప్పుట. ఈ వరుసను పాటించువాడు మనుష్యుని యొద్దకు పోయినను బిచ్చగాని మనస్సుతో పోడు. ఆ మనుష్యుడు కాదన్నను పగ పెట్టుకొనడు.

అప్పు విషయమున ఆయన నియమము కఠినమైనది. రోమా పత్రిక పదుమూడవ అధ్యాయమును ఉన్నదున్నట్లు తీసికొని, సొమ్ము చేతిలో లేనిదే రొట్టెయైనను తెప్పింపకుండెను. మన సమాజమున చేబదులు, చీటీపాట, నగల తాకట్టు ఇంటింట అలవాటు. ఆసుపత్రి ఖర్చుకై తాళిబొట్టును కుదువ పెట్టిన తల్లిని అవిశ్వాసి యనుట క్రూరత్వము. కాని పెండ్లిలో పదిమంది మెప్పుకొరకు, పొరుగింటి వాహనమును చూచి, పండుగ బట్టలకొరకు చేసెడి అప్పు వేరు. అట్టి అప్పునకు ముందు ఒక్క రాత్రి ఎడమిచ్చుడు. నేడు సంతకము పెట్టవలసిన కాగితమును రేపటికి వాయిదా వేసి, భార్యాభర్తలిరువురును కలిసి ఆ సంగతిని పేరుపెట్టి దేవుని ముందుంచుడు. ఆ రాత్రి ఆకాశవాణి యేదియు వినబడకపోవచ్చును. అయినను దేవుని ముందు నోరార అడుగలేని కోరిక యేదో అచ్చటనే బయటపడును. సగము అప్పులు ఆ వెలుగులో తమంతట తామే రాలిపోవును.

ప్రార్థించువాడు పని మానుకొనునను అపోహ కొందరికి కలదు. 1857 నవంబరు చివర ముల్లరు మొదటి భవనమున, 300 మంది పిల్లలు నివసించుచుండగా, గదులను వెచ్చపరచు మరుగునీటి బాయిలరు కారనారంభించెను. ఇటుకల కట్టడము పగులగొట్టినగాని చిల్లి యెచ్చటనో తెలియదు. అందుకు మంట ఆర్పవలెను. చలికాలమున మంట ఆర్పినచో పసిపిల్లలు గడ్డకట్టుకొనిపోదురు. ఆయన పనివారిని పిలిపించి దినము నిర్ణయించెను. అంతలో ఉత్తరపు చలిగాలి మొదలయ్యెను. ఆయన రెండు వరములు అడిగెను: గాలి దక్షిణమునకు తిరుగవలెను, పనివారికి పనిచేయు మనస్సు కలుగవలెను. ముందునాటి సాయంకాలము వరకు ఉత్తరపు గాలియే వీచెను. నిర్ణయించిన దినమున దక్షిణపు గాలి వీచి, మంట అక్కరలేనంత వెచ్చనయ్యెను. రాత్రి యగుసరికి మేస్త్రీ, తన మనుష్యులు ప్రొద్దుపోవువరకు చేసి మరల వేకువనే వత్తురని చెప్పగా, ఆ మనుష్యులే రాత్రి యంతయు చేసి ముగించెదమనిరి. సుమారు ముప్పది గంటలలో పొయ్యి మరల వెలిగెను. గాలిని గూర్చిన ప్రార్థనకంటె రెండవ ప్రార్థనయే నాకు ఎక్కువ ముచ్చటగొలుపును. బడిలో ఉపాధ్యాయునికి, ఆసుపత్రిలో నర్సుకు, ప్రభుత్వ కచేరీలో గుమాస్తాకు పనిచేయు మనస్సు కలుగవలెనని వారి యొద్దకు పోకముందు ప్రార్థించువానికి, వారితో మాటలాడునపుడు కోపగించుకొనుట కష్టము.

ముల్లరు విశ్వాసపు ఒరవడి మన తెలుగు నేలకు దూరమైనది కాదు. ఆయన భార్య మేరీ యొక్క అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్, దంతవైద్యమున సంపాదించుచున్న ధనమును విడిచి మొదట బాగ్దాదుకు, పిదప మన దేశమునకు వచ్చెను. ఆయన ప్రేరణచే 1836లో బౌడను, బీరు అను ఇరువురు సామాన్యవృత్తులవారు భార్యలతో కూడ వచ్చి, ఏ సంఘపు నిర్ణీత జీతమును లేకయే నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టాలో సేవ ప్రారంభించిరి. ఈనాడు ఆ డెల్టా గ్రామములలో రొట్టె విరుచు కూడికలకు పోవు కుటుంబములలో అనేకములకు ఆ దంపతుల నమ్మికయే మూలము.

ఇచ్చుటను గూర్చిన పాఠమును మాత్రము మనము విదేశీయుల యొద్ద నేర్చుకొన నక్కరలేదు. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, కూలినాలి చేసికొని బ్రదుకు గ్రామసంఘములకు సైతము ఇచ్చుటను నేర్పిరి. చేతిలో నాణెము లేని ఇల్లాలు ఏమి ఇయ్యగలదు? పిడికెడు బియ్యము. ఆమె ఆ పూటకు బియ్యము చేటలో పోసి, రాళ్లు ఏరి, కడుగుటకు ముందుగా ఒక పిడికిలి తీసి వేరు కుండలో వేయును. ఆదివారమున ఆ కుండలోనిది గుడ్డసంచిలో గుడికి చేరును. ఈ పనిలోని రహస్యమంతయు ఆ 'ముందుగా' అను క్రమములోనే కలదు. అందరును తిన్న పిమ్మట మిగిలినది తీసినచో అది దాతృత్వము కావచ్చును, నమ్మిక కాదు. ఇంటిల్లిపాదికి చాలునో చాలదో తెలియకముందే తీసిన పిడికిలి, మిగిలినదానిని దేవుడు చాలించునను మౌనప్రార్థన. సారెపతు విధవరాలు తన తుది పిండితో మొదట ప్రవక్తకు అప్పము చేయుటలోని ధైర్యము ఇదియే. జీతగాడైనవాడు జీతము వచ్చిన సాయంకాలముననే, కిరాయికిని పాలకును లెక్క వేయక మునుపే, తన కానుకను వేరు కవరులో పెట్టవలెను. నెలాఖరున ఇచ్చెదననువాడు నెలాఖరున తన భయములతో సంప్రదించును.

ఇచ్చినచో పదింతలు తిరిగి వచ్చునని ఆశచూపి కానుకలు గుంజు బోధను నేను మనఃపూర్వకముగా నిరాకరించుచున్నాను. అది విశ్వాసము కాదు, వడ్డీవ్యాపారము. ఈ విషయమున ఒంగోలు చరిత్ర మనకు వెలుగు. 1876-78 నాటి మహాక్షామమున మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలితో మాడు వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున ఎందరో బాప్తిస్మము అడిగిరి. అన్నముకొరకు వచ్చితిరేమో యని, క్షామసహాయము సాగినన్నాళ్లు, పదునైదు నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కూలి ఆగిన పిమ్మటను వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దేవుని యొద్దనుండి ఏమియు రాని దినమున సైతము దేవుని యొద్దకు పోవుదునా యని మనము అప్పుడప్పుడు మన హృదయమును ప్రశ్నించుకొనుట మేలు. అడుగుటకు ఏమియు లేని ఒక ప్రార్థనను, కేవలము స్తోత్రముతో ముగియుదానిని, వారమున కొకసారియైనను చేయువానికి ఈ ప్రశ్నకు జవాబు దొరకును.

విశ్రాంతి కూడ నమ్మికయే. అరణ్యమున మన్నా ఏ దినమునకు ఆ దినమే కురిసెను. రేపటికని దాచినది పురుగు పట్టెను. ఆరవదినమున మాత్రము రెండంతలు దొరకెను, ఏడవదినమున ఎవరును పోగుచేయ నక్కరలేకపోయెను. ఆరు దినములు కష్టించి ఏడవనాడు చేయి ముడుచుట, నా చేయియే నా యింటిని పోషించుచున్నదను గర్వమునకు వారమువారము విరుగుడు. పనివేళలు మన చేతిలో లేని కాలమిది. ఆదివారము దొరకనివాడు మరియొక దినమున సగమునైనను, ఫోనును లెక్కలను ప్రక్కకు నెట్టి, కుటుంబముతో ప్రభుని సన్నిధిని గడుపుటకు ప్రత్యేకించుకొనవలెను.

ప్రార్థనలు వినబడని దినములను గూర్చి చెప్పక యీ అధ్యాయమును ముగించుట న్యాయము కాదు. ముల్లరు జీవితమును దక్షిణపు గాలుల కథగా మాత్రము చెప్పువారు ఆయనకు అన్యాయము చేయుదురు. 1835లో ఆయన పసికుమారుడు మరణించెను. ఆ మరుసటి సంవత్సరముననే ఆయన పరుల బిడ్డలకు ఆశ్రమము తెరచెను. 1870 ఫిబ్రవరిలో, నలువదేండ్లకు చేరువగా తనతో కష్టసుఖములు పంచుకొనిన మేరీ జ్వరపీడచే కన్ను మూసెను. ఆమెకొరకు ఆయన ప్రార్థింపలేదా? ప్రార్థించెను. అనంతరము ఆమె సమాధి ప్రసంగమును తానే చేసి, దేవుడు మంచివాడని, మేలు చేయువాడని ఆ దుఃఖములోనే సాక్ష్యమిచ్చెను. అంతటి మాట ఆ నాడు నోట పలుకుటకు, పాలవానికి నాణెములు దొరకిన వందలాది ఉదయములు ఆయనను సిద్ధపరచినవి. చిన్న అక్కరలలో దేవుని స్వభావమును ఎరిగినవానికి, పెద్ద నష్టములో దేవుని ఉద్దేశము తెలియకపోయినను ఆ స్వభావము మారదని తెలియును.

ఈ ఎరుక జ్ఞాపకశక్తిమీద ఆధారపడరాదు, ఏలయనగా దుఃఖము జ్ఞాపకములను తుడిచివేయును. ముల్లరు తన ప్రార్థనలను, వచ్చిన సొమ్మును, రాని సొమ్మును దినచర్యలో వ్రాసియుంచెను. మీరును ఒక సామాన్యమైన నోటుపుస్తకమును తీసికొని, ఎడమప్రక్కను అడిగిన సంగతియు తేదీయు వ్రాయుడు. కుడిప్రక్కను ఏమి జరిగెనో జరిగిననాడు వ్రాయుడు. అడిగినట్లే జరిగినచో అట్లే వ్రాయుడు. వేరుగా జరిగినచో వేరుగా జరిగెనని వ్రాయుడు. ఏమియు జరుగకపోయినచో ఆ చోటును ఖాళీగా నుంచుడు. దానిని పూరించుటకు మీరుగా జవాబులు కల్పింపకుడు. ఈ పుస్తకమును పదిమందికి చూపి సాక్ష్యము చెప్పుటకు తొందరపడకుడు. ఏడాది గడచిన పిమ్మట ఇంటివారందరు కూర్చుండి మొదటి పుట నుండి చదువుకొనుడు.

చదువరులారా, తరువాతి అధ్యాయమునకు వెంటనే పోకుడని నా విన్నపము. ఈ రాత్రి పండుకొనకమునుపు మిమ్మును కలతపెట్టుచున్న అక్కరలలో ఒక్కదానిని, ఇంకను ఎవరితోను చెప్పనిదానిని, ఆ నోటుపుస్తకపు మొదటి పుటలో వ్రాయుడు. రేపు ఉదయమున వాక్యము చదివిన పిమ్మట, బంధువునకు ఫోను చేయక మునుపు, బ్యాంకునకు పోకమునుపు, దానిని పేరుపెట్టి మీ తండ్రితో చెప్పుడు.